ఏ డానియో కొనాలి? రంగు తర్వాత, ముందు మీ ఇంటి మే నెల చూడండి

డానియోలనే చిట్టి తొట్టె చేపల కోసం కొట్టుకి వెళ్లే ముందు ఒక థర్మామీటరు కొనండి. తొట్టె ఎక్కడ పెట్టాలనుకుంటున్నారో సరిగ్గా అక్కడే ఒక బకెట్ నిండా నీళ్లు పెట్టి, థర్మామీటరు అందులో వదిలి, వారం పాటు పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి అంకె రాసుకోండి. ఎండాకాలంలో అయితే ఇంకా మేలు. విజయవాడలో మాది రెండో అంతస్తు, హాలుకి పడమటి గోడ. మే రెండో వారంలో ఆ గోడ పక్క బకెట్‌లో నీళ్లు 33 డిగ్రీలు చూపించాయి. ఆ పని నేను చేసింది పన్నెండు గెలాక్సీ డానియోలు ఒకదాని వెనక ఒకటి పోయాక. ముందే చేసి ఉంటే వాటిని అసలు ఇంటికి తెచ్చేవాణ్ణి కాదు. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా ఆ పన్నెండు చేపలే.

డానియోల్లో ఏది కొనాలని అడిగేవాళ్లు ఎక్కువగా ఫోటోలు పంపి అడుగుతారు. ఫోటోలో అన్నీ అందమైనవే. అసలు తేడా అవి పుట్టిన నీళ్లలో ఉంది. కొన్ని గంగా మైదానాల్లో వరిచేల గట్ల పక్కన పుట్టినవి, కొన్ని బర్మా షాన్ పీఠభూమి మీద చల్లటి మడుగుల్లో పుట్టినవి. ఒకే పేరు, ఒకే అద్దాల అరలో పక్కపక్క తొట్టెలు. మన వేసవి మాత్రం వాటికి ఒకేలా ఉండదు.

పేరులోనే వరిచేను

డానియో అన్నది ఒక ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు పేరు. మన బొచ్చె, శీలావతి ఉన్న కార్పుల వర్గానికే చెందిన చిట్టి చేపలు ఇవి. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా పనిచేసిన స్కాట్లండ్ వాడు ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా పరీవాహకంలోని చేపల మీద 1822లో పుస్తకం వేశాడు. కోసి నదిలో దొరికిన నీలిచారల చిన్న చేపకి అందులో శాస్త్రీయంగా పేరు పెట్టాడు. అదే డానియో రేరియో, మనం జీబ్రా అని పిలిచేది. 'డానియో' అన్న మాట బెంగాలీలో వరిపొలానికి చెందినదన్న అర్థంలో వాడే 'ధాని' నుంచి వచ్చింది. మన ధాన్యం అన్న మాటకి దగ్గర చుట్టం. వానాకాలంలో నీరు పొంగి చేలలోకి, గుంటల్లోకి వచ్చినప్పుడు ఈ చేపలు అక్కడికి వచ్చి గుడ్లు పెడతాయి. పల్లెటూళ్లలో కాలువ పక్క పెరిగినవాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. తొలకరి నీళ్లతో పాటు పొలంలోకి ఎక్కే పరిగెలని పట్టిన చేతులే ఇప్పుడు తొట్టెలు పెట్టుకుంటున్నాయి.

కొట్లలో 'జెయింట్ డానియో' అని అమ్మేది ఇప్పుడు ఈ ప్రజాతి కిందికి రాదు. అది దేవారియో. దక్షిణ భారతంలో రాళ్ల మీద పారే వాగుల్లో ఆ ప్రజాతి చేపలు ఉన్నాయి. పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, నాలుగడుగుల తొట్టె లేకపోతే దాని జోలికి పోవద్దు. దాని గురించి ఇంతకంటే చెప్పను.

జీబ్రా: చవక కాబట్టి చులకన చేసిన చేప

తెలుగు నేల మీద, పక్కా ఇంట్లో, ఏసీ లేకుండా తొట్టె పెట్టేవాళ్లకి నా మొదటి సలహా జీబ్రానే. కారణం అలవాటూ కాదు, చవకా కాదు. పరిశోధనశాలల్లో ఈ చేపని పెంచే ప్రామాణిక ఉష్ణోగ్రత 28.5 డిగ్రీలు. అంటే మనకి ఏడాదిలో చాలా నెలలు తొట్టెలో ఉండే వేడి అదే. చలికాలం 20కి పడినా, ఎండాకాలం కొన్ని రోజులు 31, 32కి ఎక్కినా, నీళ్లలో గాలి బాగా ఆడుతూ ఉంటే తట్టుకుంటుంది. ఊరు చలిప్రాంతమైనా హీటరు అక్కర్లేదు. అమెరికాలో బేస్‌మెంట్‌లో తొట్టె పెట్టుకున్న మనవాళ్లకి కూడా ఇదే చెప్తాను, గది 20 డిగ్రీలకి తగ్గకుండా ఉంటే చాలు.

ఇంత గట్టిది కాబట్టే దీన్ని పాడుచేశారు. కొత్త తొట్టెలో నీళ్లు పోసిన రోజే 'ముందు నాలుగు జీబ్రాలు వేసి చూడండి, బతికితే అప్పుడు మంచి చేపలు తీసుకెళ్లండి' అని చెప్పే అమ్మకందారులు నాకు తగిలారు. ఆ మాట వినకండి. ఫిల్టర్‌లో మేలుచేసే బ్యాక్టీరియా కుదురుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోపు చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియా వాటి మొప్పల్ని కాలుస్తుంది. జీబ్రా చావకపోవచ్చు, బాధ మాత్రం పడుతుంది. చేపలు లేకుండానే చిటికెడు మేత రోజూ వేస్తూ ఫిల్టర్ నడిపించండి, లేదా తెలిసినవాళ్ల పాత తొట్టెలోంచి స్పాంజి ఒకటి తెచ్చి పెట్టండి.

ఈ చేప ఎంత విలువైనదో చూడండి. అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ అనే శాస్త్రవేత్త దీని మీద పనిచేసి, 1981లో క్లోన్ చేసిన జీబ్రా చేపల గురించి ప్రకటించాడు. వెన్నెముక ఉన్న జీవుల ఎదుగుదలని అర్థం చేసుకోవడానికి ప్రపంచమంతా దీన్ని వాడటం అక్కణ్ణుంచే ఊపందుకుంది. 2013లో దీని జన్యుపటం పూర్తిగా వెలువడినప్పుడు మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి ఈ చేపలో సాటి జన్యువు ఉందని తేలింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనూ దీని మీద పరిశోధన జరుగుతోంది. అంత చేపని నీళ్లు పరీక్షించడానికి వాడటం నాకు మనసుకి పట్టదు.

నాలుగు సెంటీమీటర్ల చేపే అయినా దానికి కావలసింది పరుగు. తొట్టె ఎత్తు కంటే పొడవు ముఖ్యం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టె, అంటే దాదాపు 55 లీటర్లు, తక్కువలో తక్కువ. మూడడుగులైతే వాటి అసలు నడక కనిపిస్తుంది. గుండ్రటి గాజు గిన్నెలో ఏ డానియోనీ పెట్టవద్దు. ఎనిమిది, పది కలిపి తీసుకోండి. మూడో నాలుగో ఉంటే అందులో బలమైనది మిగతావాటిని రోజంతా తరుముతుంది. పది ఉంటే ఆ తరుముడు గుంపులో పంచుకుపోతుంది. పొడుగు రెక్కల గప్పీలు, ఫైటర్లు ఉన్న తొట్టెలో వద్దు. జీబ్రా వాటి రెక్కలు కొరుకుతుంది, కొరకకపోయినా దాని వేగానికే అవి బెదిరిపోతాయి.

'లెపర్డ్ డానియో' అని వేరే ధర పెట్టి అమ్మే చుక్కల చేప వేరే జాతి కాదు, జీబ్రాలోనే రంగు మార్పు. పొడుగు రెక్కల జీబ్రా కూడా అంతే. రెండూ కలిపి పెంచుకోవచ్చు. నేనైతే మామూలు రెక్కల నీలిచారల చేపనే తీసుకుంటాను, రెక్క పొడుగైతే ఆ ఈత తగ్గిపోతుంది.

మెరిసే రంగుల జీబ్రాల సంగతి

పచ్చగా, గులాబీ రంగులో వెలిగేవి కూడా జీబ్రాలే. 1990ల చివర్లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్తలు జెల్లీఫిష్‌లోని వెలిగే ప్రొటీన్ జన్యువుని జీబ్రా గుడ్డులోకి చేర్చారు. నీటి కాలుష్యాన్ని పసిగట్టే చేపని తయారుచేయాలన్నది వాళ్ల ఆలోచన. తర్వాత అది అలంకార చేపగా అమెరికాలో 2003 చివర్లో అమ్మకానికి వచ్చింది. ఇది సూదితో ఎక్కించిన రంగు కాదు, పిల్లలకీ వస్తుంది. పెంపకంలో మామూలు జీబ్రాకి ఏం కావాలో దీనికీ అదే.

నేను కొనను, మీకూ చెప్పను. మన దేశంలో జన్యుమార్పిడి జీవుల దిగుమతి, అమ్మకం 1989 నాటి నిబంధనల కింద ముందస్తు అనుమతితోనే జరగాలి. కొట్లో తొట్టె మీద ఆ వివరం ఎక్కడా కనపడదు. పైగా బ్రెజిల్‌లో చేపల పెంపకం చెరువుల నుంచి తప్పించుకున్న ఈ వెలిగే చేపలు అక్కడి అడవి వాగుల్లో పిల్లలు పెట్టి స్థిరపడ్డాయి. మనది జీబ్రా పుట్టిన దేశం. వాటి రక్తబంధువులు మన నదుల్లో ఉన్నాయి. ఇప్పటికే ఇంట్లో ఉంటే బాగా చూసుకోండి, కాలువలో మాత్రం ఎప్పుడూ వదలవద్దు.

పెర్ల్ డానియో: కొట్లో వెలవెల, ఇంట్లో కళ

జీబ్రా తర్వాత నాకు ఇష్టమైనది ఇది, బర్మా దక్షిణాన తెనాసెరిమ్ వైపు నుంచి జంతుశాస్త్రవేత్త బ్లైత్ 1860లో వర్ణించిన చేప. బర్మా, థాయ్‌లాండ్ వాగులు దీని ఇల్లు. ఐదారు సెంటీమీటర్లు పెరుగుతుంది. కొట్టు ట్యూబులైటు కింద బూడిద రంగు చేప తప్ప ఏమీ కనపడదు, అందుకే ఎవరూ అడగరు. పొద్దున కిటికీలోంచి ఏటవాలుగా వెలుగు పడే గోడ పక్కన పెట్టి చూడండి. ఒళ్లంతా ముత్యపు చిప్ప లోపలి మెరుపు, ఊదా, నీలం, తోక వైపు నారింజ గీత. గుంపు మొత్తం ఒకేసారి పక్కకి తిరిగినప్పుడు నేను కాఫీ చల్లారబెట్టుకున్న రోజులు ఎన్నో.

వేడి ఓర్పులో జీబ్రాకి ఒక మెట్టు కింద. 28 వరకు హాయిగా ఉంటుంది. 30 దాటితే ఫ్యాన్ పెట్టాలి. తొట్టె మూడడుగులు ఉండాల్సిందే, మూత తప్పనిసరి. డానియోలన్నీ ఎగురుతాయి, ఇది మరీ. ఫిల్టరు వైరు వెళ్లే సందు కూడా స్పాంజితో మూయండి. పిల్లులున్న ఇంట్లో ఈ మాట రెండుసార్లు చదవండి.

గదిలో పెద్ద తొట్టె పట్టే చోటు ఉండి, మే నెలలో బకెట్ నీళ్లు 30 లోపే ఉంటే జీబ్రా కంటే ముందు దీన్నే తీసుకోమంటాను. ఎదిగిన చేపల తొట్టెకి అదే అందం.

గెలాక్సీ, ఎమరాల్డ్: కొండ మీది చేపలు

2006లో బర్మా షాన్ రాష్ట్రంలో హోపాంగ్ దగ్గర చిన్న మడుగుల్లో గెలాక్సీ డానియో దొరికినప్పుడు దాని ఫోటోని చాలామంది నమ్మలేదు. ముదురు నీలి ఒంటి మీద ముత్యాల చుక్కలు, ఎర్రటి రెక్కలు, రెండు రెండున్నర సెంటీమీటర్ల ఒళ్లు. 2007లో చేపల శాస్త్రవేత్త టైసన్ రాబర్ట్స్ దీనికి ఆకాశపు చేప అన్న అర్థం వచ్చేలా కొత్త ప్రజాతి పేరు పెట్టాడు. ఏడాది తిరిగేసరికి ఇతర శాస్త్రవేత్తలు ఇది డానియోనే అని తేల్చారు. కొట్లలో మాత్రం ఇప్పటికీ 'గెలాక్సీ రాస్బోరా' అంటారు, రాస్బోరా అనే వేరే చేపల ప్రజాతితో దీనికి సంబంధం లేదు. వార్త పొక్కగానే అడవి చేపల్ని విపరీతంగా పట్టేశారు. తర్వాత మరికొన్ని చోట్లా కనపడింది, పెంపకందారులూ పిల్లల్ని తీయడం నేర్చుకున్నారు. కాబట్టి కొనేటప్పుడు పెంపకం చేపేనా అని అడగండి. పెంపకం చేప పొడి మేత కూడా తొందరగా తింటుంది, బతకడమూ ఎక్కువ.

ఎమరాల్డ్ డానియో, శాస్త్రీయ నామంలో ఎరిత్రోమైక్రాన్, దీనికి అక్క లాంటిది. పచ్చటి నిలువు పట్టీలు, ఎర్రటి బుగ్గలు. బర్మాలోని ఇన్లే సరస్సులో తప్ప ఇంకెక్కడా సహజంగా లేదు. భారత జంతు సర్వే సంస్థ మొదటి డైరెక్టరు నెల్సన్ అన్నండేల్ 1918లో దీన్ని వర్ణించాడు. ఇన్లే సరస్సు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. మన అరకులోయ ఎత్తు కూడా అటూ ఇటూ అంతే. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు, కొండ కింద నగరాల్లో ఈ చేప ఎందుకు నలిగిపోతుందో అర్థమవుతుంది. వీటికి 22 నుంచి 25 డిగ్రీలు కావాలి. కొద్ది రోజులు 27 ఓర్చుకుంటాయి. 30లో వారాల తరబడి ఉంచితే తిండి మానేస్తాయి, ఒళ్లు సన్నబడుతుంది, తర్వాత ఏ చిన్న జబ్బు వచ్చినా పోతాయి. మా ఇంట్లో జరిగింది అదే. ఒక్క రాత్రిలో పోలేదు, మూడు వారాల పాటు ఒక్కొక్కటిగా నా కళ్ల ముందే తగ్గిపోయాయి.

నీటి గట్టిదనం విషయంలో మాత్రం వీటితో మనకి పేచీ లేదు. ఇన్లే చుట్టుపక్కల సున్నపురాయి నేల, నీళ్లు కొంచెం క్షారం. చాలామంది వీటికోసం ఆర్వో నీళ్లు, బాదం ఆకులు వేసి నీటిని ఆమ్లంగా చేస్తున్నారు. అది వేరే చేపలకి పనికొచ్చే సలహా, వీటికి పనికిరాదు. కృష్ణా నీళ్లో గోదావరి నీళ్లో కొళాయిలో వస్తే క్లోరిన్ తీసేసి నేరుగా పోయండి. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల కొలత, వెయ్యి దాటిన బోరు నీళ్లయితే సగం ఆర్వో కలపండి.

ఎవరు తీసుకోవచ్చంటే, బెంగళూరులో ఉన్నవాళ్లు, అరకు, మదనపల్లె లాంటి చల్లటి ఊళ్లవాళ్లు, లేదా పగలూ రాత్రీ ఏసీ నడిచే గదిలో తొట్టె పెట్టుకునేవాళ్లు. ఒకటిన్నర అడుగుల తొట్టె, అంటే 40 లీటర్లు చాలు. జావా మాస్ అనే నీటి నాచు గుత్తులు, మొక్కలు దట్టంగా ఉండాలి. మొక్కలు తక్కువైతే దాక్కుని బయటికి రావు, మగవి పోట్లాడుకుంటాయి కూడా. ఒక మగకి రెండు ఆడ చొప్పున తీసుకోండి, ఎర్ర రెక్కలు చూసి అన్నీ మగవే ఏరుకోవడం అందరూ చేసే తప్పు. చెర్రీ రొయ్యలతో కలిసి ఉంటాయి. జీబ్రాలతో కలపవద్దు, మేత నీళ్లకి తగలకముందే జీబ్రాలు తినేస్తాయి.

రెంటిలో ఏదంటే గెలాక్సీనే. ఎమరాల్డ్ మరీ సిగ్గరి, తొట్టె ముందు అరగంట కదలకుండా కూర్చుంటే తప్ప కనపడదు. ఆ ఓపిక ఉన్నవాళ్లు దాన్నే ప్రేమిస్తారు.

మధ్యలో మిగిలినవి

గ్లోలైట్ డానియో, మన దేశపు చేపల శాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1928లో చోప్రా అనే జంతుశాస్త్రవేత్త పేరు మీద వర్ణించిన చేప, బర్మా ఉత్తరాన మిచ్చినా వైపుది. మూడు సెంటీమీటర్లు, నారింజ రంగు నిప్పురవ్వ. బుద్ధికి జీబ్రా, వేడికి గెలాక్సీ. అంటే పరుగెత్తే చోటూ కావాలి, చల్లదనమూ కావాలి. 26 దాటకుండా ఉంచగలిగితేనే తీసుకోండి. క్యాథిట్ అంటే బర్మీస్‌లో చిరుతపులి, ఆ పేరున్న చుక్కల డానియో జీబ్రా కంటే కాస్త పెద్దది, ఎర్రటి రెక్కలది, పెంపకం దాదాపు జీబ్రాలాగే. అరుదుగా వస్తుంది, కనపడితే ఆలోచించకుండా పది తీసుకోవచ్చు. టిన్‌విని అనే బంగారు ఉంగరాల డానియో చిన్నది, 2009లో పేరు వచ్చింది. పాదరసంలా జారుతూ ఉంటుంది, చిన్న తొట్టెలో జీబ్రా కావాలనుకునేవాళ్లకి సరిపోతుంది.

మే నెల గట్టెక్కాలంటే

ఏది తీసుకున్నా ఎండాకాలం ఒకటే చిక్కు. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు ఇమిడేది 30 దగ్గర ఏడున్నరకి పడిపోతుంది. అదే సమయంలో చేప ఒంటికి ఎక్కువ అవసరమవుతుంది. చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయంటే అర్థం అదే. మూత తీసి దోమల జాలీ పరిచి, చిన్న టేబుల్ ఫ్యాన్ నీళ్ల మీదికి తిప్పండి. నీరు ఆవిరయ్యే కొద్దీ రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న కాకినాడ, విశాఖ లాంటి చోట్ల అంత తగ్గదు, రాయలసీమ పొడి గాలిలో బాగా తగ్గుతుంది. ఆవిరైన నీటి స్థానంలో బోరు నీళ్లు పోయకండి, లవణాలు తొట్టెలోనే మిగిలి గట్టిదనం పేరుకుపోతుంది. ఆర్వో నీళ్లు పోయండి. ఐసు ముక్కలు నేరుగా వేయడం వద్దు, గంటలో ఐదు డిగ్రీలు మారడం వేడి కంటే ప్రమాదం. మేత సగానికి తగ్గించండి. కరెంటు పోయే ఊరైతే బ్యాటరీ మీద నడిచే గాలి పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి.

కొట్లో ఏం చూడాలి

కడుపు లోపలికి పోయినవి, వెన్ను వంగినవి ఒక్కటి కనపడినా ఆ తొట్టెలోంచి ఏదీ తీసుకోవద్దు, పక్కన ఎంత బాగున్నా సరే. డానియోల్లో చేపల క్షయ కనిపిస్తుంటుంది. ఆ బ్యాక్టీరియా మన చేతి మీద గాయం ఉంటే దానికీ పట్టి, తగ్గడానికి నెలలు తీసుకునే పుండు అవుతుంది. చేతికి కోత పడినప్పుడు గ్లౌజు లేకుండా తొట్టెలో చెయ్యి పెట్టకండి. కొత్తవాటిని రెండు వారాలు వేరే తొట్టెలో ఉంచాకే పాతవాటితో కలపండి. కొట్టువాణ్ణి మేత వేయమనండి, వేసిన వెంటనే పైకి దూకేవి ఆరోగ్యంగా ఉన్నవి.

పిల్లల్ని తీయాలనుకుంటే

ఇక్కడ మాత్రం పోటీ లేదు, జీబ్రాయే. తొట్టె అడుగున గోళీలు రెండు వరసలు పరవండి. లేదంటే పెట్టిన గుడ్లని అవే తినేస్తాయి. సాయంత్రం బొద్దుగా ఉన్న రెండు ఆడచేపల్ని, సన్నగా కాస్త పసుపు తిరిగిన మూడు మగచేపల్ని అందులో వేసి చీకటి చేయండి. తెల్లవారి మొదటి వెలుగు పడగానే తరుముకుంటూ గుడ్లు పెడతాయి. గోళీల సందుల్లోకి జారిపోయిన గుడ్లు వందకి పైగానే ఉండొచ్చు. పెద్ద చేపల్ని తీసేయండి. గెలాక్సీ రోజుకి కొద్ది గుడ్లే మాస్‌లో దాచిపెడుతుంది, వాటిని ఏరుకోవడమే పెద్ద పని.

గుడ్డు అద్దంలా ఉంటుంది. మర్నాడు పొద్దున రెండు మూడు గుడ్లని డ్రాపరుతో తీసి గాజు పళ్లెంలో వేసి, పిల్లల బడి సూక్ష్మదర్శిని కింద పెట్టండి. 24 గంటలు దాటేసరికి లోపల గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. మూడో రోజుకి పిల్లలు బయటపడి గాజుకి అతుక్కుంటాయి, ఐదో రోజుకి ఈదుతాయి, అప్పటి నుంచి కంటికి ఆనని సూక్ష్మజీవులున్న పచ్చనీళ్లు మేతగా కావాలి. ఆ నీళ్లు వారం ముందే తయారుగా ఉండాలి. సీసాలో తొట్టె నీళ్లు పోసి, ఎండిన అరటి తొక్క ముక్క ఒకటి వేసి, గుడ్డ కట్టి, వెలుతురు తగిలే కిటికీలో పెట్టండి.